గైడుతో గట్టెక్కే తెలుగు మనకు వద్దు



ద్వితీయ పి.యు.సి. పరీక్షలు ముగిసీ ముగియకముందే మా కోలారు జిల్లాలో ప్రతి ఏటా ఒకే ప్రశ్న వినబడుతుంది. "అయ్యవారూ, కాలేజీ ప్రవేశ పరీక్షలో తెలుగు పేపరు కూడా వ్రాయవచ్చునట. ఏ గైడు కొనమంటారు?" ముళబాగిలులో అడుగుతారు, శ్రీనివాసపురంలో అడుగుతారు, బంగారపేట స్టేషనులో రైలు కోసం నిలబడి అడుగుతారు, రాబర్ట్‌సన్‌పేట బజారులో ఆపి మరీ అడుగుతారు. అడిగేవారి ఆదుర్దాను నేను తక్కువ చేయను. పిల్లవాడి భవిష్యత్తు గూర్చిన ఆదుర్దా అది. కాని నా జవాబు మాత్రం ఒక్కటే. ఏ గైడూ కొనవద్దు. చదవడం, వ్రాయడం అనే నైపుణ్యాలను కొలిచే చోట గైడు పనికిరాదు. అంతటితో ఆగితే సగం నిజమే చెప్పినట్లవుతుంది. పిల్లవాడిని ఆ పరీక్షకు పనికిరాకుండా చేసినది పది సంవత్సరాలుగా మనం వాడి చేతిలో పెట్టిన ఆ గైడే.

ఈ మాట తోటి ఉపాధ్యాయులలో కొందరికి కటువుగా తోచవచ్చు. తోచినా ఫరవాలేదు. ముందు పరీక్ష ఏమి అడుగుతున్నదో చూద్దాం. తరువాత మన తరగతి ఏమి నేర్పుతున్నదో చూద్దాం. రెండింటి నడుమ ఉన్న అగాధాన్ని మీరే కొలవండి.

పరీక్ష ఏమి అడుగుతున్నది?

కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశానికి 2022లో మొదలైన ఉమ్మడి పరీక్షను సి.యు.ఇ.టి. అంటున్నారు. అందులో భాషా పరీక్షను 13 భాషలలో పెట్టారు. తెలుగు వాటిలో ఒకటి, కన్నడమూ ఒకటి. 2025 నుండి ఒక్కొక్క పేపరుకు 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. సరియైన జవాబుకు 5 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఆ భాషా పరీక్షలో ప్రధానమైనది పఠనావగాహన. అంటే పిల్లవాడు మునుపెన్నడూ చూడని గద్యభాగాన్ని ముందు పెట్టి, చదివి అర్థం చేసుకున్నావా అని అడగడం. పాఠం పేరు అడగరు, కవి కాలం అడగరు. "ఈ పేరాలో రచయిత ఏమంటున్నాడు?" అని అడుగుతారు.

ఉపాధ్యాయ వృత్తిలోనికి రాదలచినవారు వ్రాసే సీటెట్ సంగతి చూడండి. భాష ఒకటి, భాష రెండు అని రెండు విభాగాలు. ఒక్కొక్క దానికి 30 ప్రశ్నలు. వాటిలో సగం అపరిచిత గద్య పద్యాల మీద, తక్కిన సగం భాషను బోధించే పద్ధతుల మీద. రేపు మన పిల్లలకు తెలుగు చెప్పవలసినవాడు అపరిచిత పేరా ముందు తడబడితే ఆ తడబాటు ఒక్కడితో ఆగదు, ఒక తరానికి అంటుకుంటుంది.

మన ప్రక్కనే ఉన్న మరొక పరీక్షను కూడా చెప్పాలి. కర్ణాటక వృత్తివిద్యా కళాశాలలలో సీట్ల కోసం హొరనాడు, గడినాడు కన్నడిగులు, అంటే రాష్ట్రం వెలుపల కాసరగోడు, అక్కలకోట వంటి చోట్ల చదువుకున్న కన్నడ బిడ్డలు, ఆ కోటా కోరితే కన్నడ భాషా పరీక్ష వ్రాయాలి. 50 మార్కుల పరీక్ష. కనీసం 12 రావాలి. స్థాయి నాల్గవ తరగతిది. ఎంత చిన్న పరీక్ష! కాని దాని వెనుకనున్న ఆలోచన చిన్నది కాదు. "ఇంట్లో కన్నడం మాట్లాడుతాము" అంటే చాలదు, "చదివి, వ్రాసి చూపు" అంటున్నది ఆ పరీక్ష. ఇంట్లో తెలుగు మాట్లాడే మన కోలారు బిడ్డను నాల్గవ తరగతి స్థాయిలోనే అటువంటి తెలుగు పరీక్షకు కూర్చోబెడితే ఎందరు నిలుస్తారు? గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పండి.

మన తరగతి ఏమి నేర్పుతున్నది?

కర్ణాటక ఎస్.ఎస్.ఎల్.సి.లో ప్రథమ భాషకు దశాబ్దాలుగా 125 మార్కులు కేటాయిస్తూ వచ్చారు. తక్కిన విషయాలకు నూరేసి. ఆ పాతిక మార్కుల ఆధిక్యం భాషకు ఇచ్చిన గౌరవం. దానిని మనం ఏమి చేసుకున్నాం? "తెలుగా, అది మార్కులు తెచ్చిపెట్టే పేపరు" అన్నాం. పాఠానికి నాలుగు ప్రశ్నలు, వాటికి అచ్చు వేసిన నాలుగు జవాబులు, పది సొంతవాక్యాలు, అవి కూడా గైడులోనివే. సొంతవాక్యాన్ని సైతం కంఠస్థం చేయించగల ఘనత మనది! "సొంత" అన్న మాటకు అర్థం పోయిన తరువాత వాక్యానికి మాత్రం ఏమి మిగులుతుంది?

లేఖారచనను చూడండి. మా ప్రాంతంలో ఒక పాఠశాలలో ముప్పది మంది పిల్లలు మిత్రునికి లేఖ వ్రాస్తే ముప్పది మందికీ ఒకే మిత్రుడు, ఒకే ఊరు, ఒకే విహారయాత్ర. యాత్రాస్థలం హంపి. ఆ పిల్లలలో హంపిని చూసినవారు ఒక్కరూ లేరు. కోటిలింగేశ్వరాన్ని చూసినవారున్నారు, అంతరగంగ మెట్లెక్కినవారున్నారు, బేతమంగల చెరువుకట్ట మీద పరుగెత్తనివారు లేరు. కాని తాము చూసినదానిని గూర్చి వ్రాయవచ్చునని వారికి ఎవరూ చెప్పలేదు. గైడులో హంపి ఉన్నది, కనుక హంపి వ్రాశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయని పూర్తి మార్కులు పడ్డాయి. నేను అడిగేది ఒకటే. ఆ మార్కులు ఎవరివి? పిల్లలవా, గైడు వ్రాసినవాడివా?

తెలుగు రాష్ట్రాలలో ఇంతకన్న మేలుగా ఉన్నదని భ్రమపడకండి. అక్కడ ఇంటర్మీడియట్‌లో వేలాది విద్యార్థులు తెలుగును వదలి సంస్కృతం తీసుకుంటున్నారు. సంస్కృతం మీద ప్రేమతో అయితే నేనే హారతి పట్టేవాడిని. మార్కులు సులువుగా పడతాయనే వారి లెక్క. భాషను మార్కుల గనిగా చూచే చూపు సరిహద్దుకు రెండు వైపులా ఒకటే.

ఒక పేరాతో ప్రయోగం

వాదం చాలు, ఉదాహరణ చూద్దాం. నేను తరగతికి వ్రాసుకున్న ఒక చిన్న పేరా ఇది:

"పాలారు నంది కొండలలో పుట్టి కోలారు జిల్లా మీదుగా సాగి ఆంధ్రప్రదేశ్, తమిళనాడులను చేరుతుంది. అయినా ఇక్కడి రైతు నదిని నమ్ముకోలేదు, చెరువును నమ్ముకున్నాడు. బోరు వచ్చాక చెరువులో పూడిక తీయడం మరిచాడు. చెరువు పూడినకొద్దీ బోరు లోతు పెరిగింది. ఇప్పుడు అతడికి రెండూ లేవు."

అయిదు వాక్యాలు. కఠినమైన మాట ఒక్కటీ లేదు. ఇప్పుడు ప్రశ్నలు.

ఒకటి, పాలారు ఎక్కడ పుట్టింది? అందరూ చెబుతారు. పేరాలోని మాటను ఎత్తి వ్రాస్తే చాలు. గైడు నేర్పే చదువు ఇక్కడితో సరి.

రెండు, "రెండూ లేవు" అన్నారు, ఏ రెండు? గైడుతో పెరిగిన పిల్లవాడు "నది, చెరువు" అంటాడు. పేరా మొదట్లో ఆ రెండు మాటలూ జంటగా కనిపించాయి గనుక. వాక్యాల వెంట నడిచివచ్చినవాడు "చెరువు, బోరు" అంటాడు.

మూడు, చెరువు పూడితే బోరు లోతు ఎందుకు పెరగాలి? పేరాలో జవాబు లేదు. కాని పేరాను దాటి పోనక్కరలేదు. చెరువులో నీరు నిలిస్తేనే అది నేలలోనికి ఇంకుతుంది, ఇంకితేనే బోరుకు అందుతుంది. ఆ లంకెను చదువరి తానే వేసుకోవాలి. రైతు బిడ్డలకు ఇది తెలియక కాదు. తెలిసినదానిని చదువుతున్నదానితో కలపవచ్చునని తెలియక.

నాలుగు, "నమ్మాడు" అనడానికి, "నమ్ముకున్నాడు" అనడానికి తేడా ఏమిటి? మొదటిది విశ్వాసం, రెండవది ఆధారపడి బ్రతకడం. ఒక్క "కొను" చేరితే అర్థం ఎంత మారిందో చూడండి. ఇంట్లో ఈ తేడాను పాటించని తెలుగు బిడ్డ లేడు. కాగితం మీద చూచినప్పుడు మాత్రం రెండూ ఒకటే అంటాడు.

అయిదు, రచయిత దేనిని నిందిస్తున్నాడు? నదినా, బోరునా, వాననా, మరపునా? నాలుగు జవాబులలో ఒకటి ఎంచుకోవాలి. ఎక్కువమంది "బోరును" అంటారు. తప్పు జవాబుకు మార్కు కోత ఉన్నచోట ఈ తొందరపాటుకు వెల కట్టవలసి వస్తుంది.

అయిదు వాక్యాలు ఇన్ని పనులు చేస్తున్నాయి. దీనికి గైడు ఎక్కడ దొరుకుతుంది? ఈ పేరాకు గైడు వ్రాస్తే పరీక్షలో మరొక పేరా వస్తుంది. అపరిచితమైనదాని ముందు నిలబడే ధైర్యాన్ని ఎవరూ అచ్చు వేసి అమ్మలేరు. దానిని సాధనతోనే సంపాదించాలి.

ఇంటి తెలుగు, పుస్తకపు తెలుగు

మా జిల్లాలో తరచుగా వినబడే మరొక మాట ఉన్నది. "ఇంట్లో తెలుగే మాట్లాడతానే ఉండాడు కదా అయ్యవారూ, మళ్ళా ఇస్కూల్లో నేర్చేది ఏముంది?" చాలా సహజమైన ప్రశ్న. జవాబు కూడా సూటిగానే ఉండాలి. ఇంటి తెలుగు పునాది. పునాది లేనిదే ఇల్లు లేదు, కాని పునాదిలో ఎవరూ కాపురం ఉండరు. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి ముఖం, చెయ్యి, ఆ చోటు అన్నీ అర్థానికి సాయం వస్తాయి. కాగితం మీద ఆ సాయం ఉండదు, అన్నీ వాక్యమే చెప్పాలి. కెనడా పండితుడు జిమ్ కమ్మిన్స్ ఈ రెండింటినీ 1979లోనే వేరుచేసి చూపాడు. సంభాషణా సామర్థ్యం ఒకటి, చదువుకు పనికివచ్చే భాషాసామర్థ్యం మరొకటి. మొదటిది దానంతట అది వస్తుంది. రెండవదానిని నేర్పాలి.

కోలారు బిడ్డకు మరొక చిక్కు ఉన్నది, అది వరం కూడా. వాడు రెండు లిపుల నడుమ పెరుగుతాడు. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్ళు కనుక ఒకటి వచ్చినవాడికి రెండవది సగం వచ్చినట్లే. కాని ఆ మిగిలిన సగంలోనే తప్పులు దొర్లుతాయి. కన్నడంలో "కి"ని "కీ" చేయాలంటే అక్షరం ప్రక్కన వేరుగా దీర్ఘపు గుర్తు పెడతారు. తెలుగులో గుడియే రూపు మారి గుడిదీర్ఘం అవుతుంది. మన పిల్లలు తెలుగు గుడి వ్రాసి దాని ప్రక్కన కన్నడ దీర్ఘం తగిలిస్తారు. దానిని ఎర్ర సిరాతో కొట్టివేసి ఊరుకునే ఉపాధ్యాయుడు సగం పనే చేశాడు. రెండు లిపులనూ నల్లబల్ల మీద ప్రక్కప్రక్కన వ్రాసి తేడా చూపినవాడు పూర్తి పని చేశాడు.

మాటల సంగతీ అంతే. మన "పాలు" వారి "హాలు", మన "పులి" వారి "హులి", మన "పువ్వు" వారి "హూవు". ఈ సూత్రం పట్టిస్తే పిల్లలు ఆటగా రెండు భాషలలోనూ పదసంపద పెంచుకుంటారు. అయితే మోసం చేసే మాటలూ ఉన్నాయి. కన్నడంలో "అవసర" అంటే తొందర, తెలుగులో "అవసరం" అంటే కావలసి ఉండడం. కన్నడంలో "ఊట" అంటే భోజనం, తెలుగులో "ఊట" అంటే నేలలో ఊరే నీరు. "చెరువు అడుగున ఊట ఉన్నది" అన్న వాక్యం చదివి మా పిల్లవాడు నవ్వితే వాడి తప్పేమీ లేదు. వాడికి తేడా చెప్పనివారిది తప్పు. ముళబాగిలుకో, చింతామణికో, బాగేపల్లికో పనికివచ్చే ఇటువంటి పాఠాన్ని బెంగళూరులో అచ్చైన గైడు చెప్పదు, హైదరాబాదులో అచ్చైనదీ చెప్పదు. ఇక్కడి ఉపాధ్యాయుడే చెప్పాలి.

ఈ నేల రెండు భాషలనూ బరువుగా భావించినది కాదు. కైవార నారాయణప్ప తాతయ్య తెలుగులోనూ, కన్నడంలోనూ రచనలు చేశాడు. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా వేరుపడక ముందు ఆ కైవారం మన కోలారు జిల్లాలోనిదే. కనుక తెలుగు కోసం వాదిస్తున్నానంటే కన్నడానికి ఎదురు నిలుస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఈ రాష్ట్రంలో బ్రతికేవాడికి కన్నడం రావాలి, బాగా రావాలి. 2015 నాటి కన్నడ భాషా కలికె చట్టం కన్నడాన్ని ప్రథమ లేక ద్వితీయ భాషగా నేర్పమన్నది. తెలుగును తీసివేయమనలేదు. తీసివేస్తున్నది మనమే.

"పరీక్షలన్నీ ఇంగ్లీషులోనే కదా!"

తల్లిదండ్రుల బలమైన ఆక్షేపణ ఇది. వైద్యమో, ఇంజనీరింగో చదవబోయేవాడికి తెలుగు చదివే నేర్పు దేనికి అని.

మొదటి జవాబు. చదవడం అనే నైపుణ్యం భాషకు ఒకటి చొప్పున విడివిడిగా ఉండదు. ముఖ్యమైన విషయాన్ని పట్టడం, "అది", "వారు" అన్న సర్వనామాలు ఎవరిని సూచిస్తున్నాయో గుర్తించడం, చెప్పనిదానిని ఊహించడం, ఈ పనులు ఒక భాషలో బాగా వస్తే మరొక భాషలోనికి నడిచివస్తాయి. కమ్మిన్స్ వాదంలో రెండవ భాగం ఇదే. బాగా తెలిసిన భాషలోనే రానిది, సగం తెలిసిన భాషలో ఎలా వస్తుంది? 2024 జనవరిలో వెలువడిన అసర్ నివేదిక, 26 రాష్ట్రాలలోని 28 జిల్లాల గ్రామాలలో 14 నుండి 18 ఏండ్ల వయస్సు వారిని పరీక్షించి, సుమారు నాలుగవ వంతు మంది తమ ప్రాంతీయ భాషలో రెండవ తరగతి పాఠాన్ని ధారాళంగా చదవలేరని తేల్చింది. కాలేజీ వాకిట నిలబడిన వయస్సు అది! వారికి కావలసినది ఇంగ్లీషు కోచింగా, చదవడం నేర్పే గురువా?

రెండవ జవాబు. పరీక్షలన్నీ ఇంగ్లీషులోనే లేవు. నీట్ ప్రశ్నపత్రం 2021 నుండి 13 భాషలలో వస్తున్నది. వాటిలో తెలుగు ఉన్నది. కాని ఇక్కడ మన జిల్లావారు గమనించవలసిన అన్యాయం ఒకటి ఉన్నది. తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పరీక్షా కేంద్రాలలోనే ఇస్తారు. కర్ణాటక కేంద్రంలో కూర్చున్న తెలుగు బిడ్డకు ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, కన్నడాలే గాని తెలుగు లేదు. బంగారపేటలో రైలెక్కి కామసముద్రం, బిసానత్తం దాటితే కుప్పం. అక్కడి రాష్ట్రంలో పరీక్ష వ్రాసే బిడ్డకు తెలుగు పత్రం దొరుకుతుంది, ఇక్కడి బిడ్డకు దొరకదు. భాష ఒకటే, ఇంటిపేర్లు ఒకటే, చుట్టరికాలు ఒకటే. దీనిని అడిగేవారేరి? అడగాలంటే తెలుగులో చదివి పరీక్ష వ్రాయగల పిల్లలు ఇక్కడ ఉన్నారని చూపాలి గదా! "మీలో ఎవరు వ్రాయగలరు?" అని వారు తిరిగి ప్రశ్నిస్తే మన దగ్గర గైడ్లు తప్ప ఏమున్నాయి?

చట్టం ఎంతవరకు? మనం ఎంతవరకు?

ప్రభుత్వాన్ని నిందించి చేతులు కడుక్కోవడం మనకు అలవాటు. నిందించవలసినది ఉన్నది కూడా. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం, 1956 నాటి ఏడవ సవరణతో చేరినది, అల్పసంఖ్యాక భాషావర్గాల పిల్లలకు మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయమన్నది. అంతకుముందే 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క చెప్పింది. పాఠశాలలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఉంటే ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి ఒక్కరినైనా నియమించాలని. ఈ లెక్క చూపి అడగండి, అర్జీ పెట్టండి. అది మీ హక్కు.

కాని ఈ రెండూ ప్రాథమిక దశకు చెప్పిన మాటలు. కాలేజీ ప్రవేశ పరీక్ష పండ్రెండవ తరగతి తరువాత వస్తుంది. నడుమ ఏడెనిమిది సంవత్సరాలున్నాయి. ఆ సంవత్సరాలకు కాపలా కాసే అధికరణం లేదు. ఉపాధ్యాయుడు, తల్లి, తండ్రి మాత్రమే ఉన్నారు. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక ప్రభుత్వ కేసులోనే, ప్రాథమిక విద్యలో మాతృభాషా మాధ్యమాన్ని రాజ్యం బలవంతంగా రుద్దరాదనీ, పిల్లవాడి మాధ్యమాన్ని ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదనీ తీర్పు చెప్పింది. ఆ తీర్పు మంచిదా చెడ్డదా అన్న చర్చ అటుంచండి. ఎంపిక మీ చేతిలో పెట్టింది. ఎంపిక మీదైనప్పుడు ఫలితమూ మీదే.

పరీక్ష బంగారాన్ని పుట్టించదు

కోలారు బంగారు గనులవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. గని నుండి తెచ్చిన రాతి నమూనాను పొడిచేసి, టన్నుకు ఎన్ని గ్రాముల బంగారమున్నదో తేల్చేవారు. ఆ పరీక్ష రాతిలో బంగారాన్ని పుట్టించలేదు, ఉన్నదెంతో చెప్పింది. ప్రవేశ పరీక్ష చేసే పనీ అదే. కోచింగు కేంద్రాలవారు మాత్రం పరీక్షకు ముందు రెండు నెలలలో బంగారాన్ని పుట్టిస్తామంటున్నారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడిన తరువాత ఈ ఊరి కుటుంబాలకు మిగిలిన గని పిల్లల చదువే. తెల్లవారుజామునే బెంగళూరు రైలెక్కే తండ్రుల కష్టార్జితాన్ని ఇటువంటి మాటలకు ధారపోయడం చూస్తూ ఊరుకోలేను.

అమెరికా కాలేజీలలో "ప్లేస్‌మెంట్ పరీక్ష" అని ఒకటి ఉన్నది. అది నెగ్గడానికి, ఓడడానికి కాదు, చదవడంలో, వ్రాయడంలో పిల్లవాడు ఎక్కడ ఉన్నాడో తెలుసుకొని తగిన తరగతిలో కూర్చోబెట్టడానికి. అయితే ఒక్క పూట పరీక్షను నమ్మి పిల్లలను క్రింది తరగతులలో కూర్చోబెడితే ఎందరో అక్కడే చిక్కుకుపోయారన్న విమర్శ వచ్చింది. 2017లో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసి, హైస్కూలులో సంవత్సరాల తరబడి చేసిన చదువును లెక్కలోనికి తీసుకోవాలని కమ్యూనిటీ కాలేజీలను ఆదేశించింది. మనకు ఇందులో రెండు పాఠాలున్నాయి. ఎక్కడ ఉన్నామో ముందే కొలుచుకోవడం మంచిది. ఒక్క పూట కొలతకన్న ఏళ్ళ తరబడి చేసిన సాధన గొప్పది. ఎనిమిదవ తరగతి మొదటి వారంలో మీ పిల్లలకు మీరే ఒక ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టండి. మార్కులు వద్దు. ఎవరు ఎక్కడ ఆగుతున్నారో వ్రాసుకోండి. అక్కడినుండి మొదలుపెట్టండి.

ఏమి చేయాలి?

ఉపాధ్యాయులకు నా సూచనలు ఇవి. ఖర్చులేనివి, అనుమతి అక్కరలేనివి.

1. వారానికి రెండు రోజులు, తరగతి మొదటి పదిహేను నిమిషాలు, పాఠ్యపుస్తకంలో లేని పేరా ఒకటి. దినపత్రిక నుండి గాని, మీరే వ్రాసినది గాని. ముందు మౌనంగా చదవాలి, గడియారం చూచి. తరువాత ఒకరు పైకి చదవాలి.

2. ప్రతి పేరాకు అయిదు రకాల ప్రశ్నలు. చెప్పినది, చెప్పకుండా సూచించినది, సందర్భాన్ని బట్టి పదార్థం, సర్వనామం ఎవరిని సూచిస్తున్నది, మొత్తం సారం. కొన్నాళ్ళకు ప్రశ్నలు పిల్లలచేతనే వ్రాయించండి. ప్రశ్న వేయగలిగినవాడు జవాబుకు భయపడడు.

3. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమన్నప్పుడు, తక్కిన మూడూ ఎందుకు కావో చెప్పించండి. మార్కు కోత ఉన్న పరీక్షకు ఇంతకన్న మంచి తర్ఫీదు లేదు.

4. వారానికొకసారి శ్రుతలేఖనం. లళలు, ణనలు, శషసలు, ఒత్తులు, దీర్ఘాలు. తప్పులు మీరు దిద్దవద్దు. మరునాడు పిల్లవాడే దిద్దుకోవాలి.

5. వారానికొకసారి పది వాక్యాల రచన, తాము చూచినదానిని గూర్చి మాత్రమే. టమోటా మండీ, పట్టుపురుగుల పెంపకం, మామిడి తోట, సైనైడ్ దిబ్బలు, రైలు ప్రయాణం. గైడులో దొరకని విషయాలే ఇవ్వండి. తరువాత ఆ పదింటిని మూడు వాక్యాలకు కుదించమనండి. కుదించడంలోనే బుద్ధి పదునెక్కుతుంది.

తల్లిదండ్రులకు ఇంకా చిన్న పని. ఇంట్లో రోజూ పది నిమిషాలు పిల్లవాడిచేత పత్రికలోని ఒక వార్త చదివించుకొని, "ఏముందిరా అందులో, నీ మాటల్లో చెప్పు" అనండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. వినడం వచ్చును గదా. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే వాడికి అర్థమైనట్లే. తెలుగు లేని పాఠశాలలో చేర్చినవారు కూడా ఈ పని చేయవచ్చు. సెలవులలో రెండు నెలలు అక్షరాలు నేర్పితే, కన్నడ లిపి వచ్చిన బిడ్డ తొందరలోనే తెలుగు చదువుతాడు.

"సిలబసు పూర్తి కాదు" అని కొందరు ఉపాధ్యాయులు అంటారు. వారానికి అరగంట పఠనానికి, ఒక్కొక్క పూట లేఖనానికి, రచనకు. చదవడం వచ్చిన తరగతిలో పాఠం సగం సమయంలో పూర్తవుతుంది. రాని తరగతిలోనే ఒక్కొక్క జవాబునూ నల్లబల్ల మీద వ్రాసి ఎక్కించవలసి వస్తుంది. "మా తరగతిలో ఆరుగురే ఉన్నారు" అని మరికొందరు నిట్టూరుస్తారు. ఆరుగురు ఉన్నారంటే ఒక్కొక్కరి నోటుపుస్తకం ప్రతి వారం చూడవచ్చునన్నమాట. నలుబది మంది ఉన్న తరగతికి ఆ అదృష్టం లేదు. ఆ ఆరుగురు తెలుగు చదివి కాలేజీ మెట్లెక్కారని ఊరికి తెలిస్తే, మరుసటి ఏడు పదిమంది అవుతారు. పదిమంది అయితే ఉపాధ్యాయుణ్ణి అడిగే లెక్క మన చేతికి వస్తుంది. తెలుగు తరగతులు మూతబడకుండా నిలబెట్టేది సభలూ తీర్మానాలూ కావు, తెలుగు చదవడం వచ్చిన పిల్లలు.

కనుక వచ్చే జూన్‌లో పుస్తకాల అంగడికి పోయినప్పుడు గైడు అడగవద్దు. ఒక రెండు వందల పేజీల గీతల నోటుపుస్తకం కొనండి. అది నిండేలోగా మీ బిడ్డ తెలుగు పరీక్షకే కాదు, మరే పరీక్షకైనా నిలబడగలడు. ఈ మాటతో విభేదించే ఉపాధ్యాయ మిత్రులు ఉంటే, వారిని నేను కోరేది ఒకటే. వాదానికి ముందు మీ తరగతిలో పైనున్న పాలారు పేరాను ఒకసారి చదివించి చూడండి. ఏ రెండు లేవో మీ పిల్లలు ఏమి చెబుతారో విని, అప్పుడు మాట్లాడుకుందాం.

సెలవు.